అద్దె ఇంటి గోడల మీద ఫోటోలు

కెనడాలోని వాంకూవర్‌లో స్టువర్ట్ బటర్‌ఫీల్డ్, కాటెరినా ఫేక్ దంపతులు 2002లో లూడికార్ప్ అనే చిన్న కంపెనీ పెట్టింది ఫోటోల కోసం కాదు, ఆట కోసం. ఆ ఆట పేరు ‘గేమ్ నెవర్‌ఎండింగ్’. పేరుకు తగ్గట్టే దానికి గెలుపూ లేదు, ఓటమీ లేదు. బ్రౌజర్ తెరుచుకుని వస్తువులు పోగేసుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం, నలుగురితో కబుర్లాడడం, అంతే. డాట్‌కామ్ బుడగ పేలి ఎంతో కాలం కాలేదు. గెలుపోటములు లేని ఆటకు పెట్టుబడి పెట్టే మారాజు దొరకలేదు. చేతిలో డబ్బు అడుగంటింది. ఆటలో వస్తువులు దాచుకునే పెట్టె కోసం రాసిన ప్రోగ్రామునే అటూ ఇటూ మార్చి, అందులో ఫోటోలు పెట్టుకునేలా చేశారు. 2004 ఫిబ్రవరిలో శాన్‌డియేగోలో జరిగిన ఓ సాంకేతిక సదస్సులో దాన్ని జనం ముందు పెట్టారు. అదే ఫ్లికర్. ఆట ఆ ఏడాదే మూతపడింది. అయినా దాని పేరులోని మూడు పొడి అక్షరాలు, జీ ఎన్ ఈ, ఫ్లికర్ పేజీల చిరునామాల చివర ఏళ్ల తరబడి వేలాడుతూనే ఉన్నాయి.

అప్పటికే ఫోటోల సైట్లు లేకపోలేదు. ఒఫోటో, షటర్‌ఫ్లై, స్నాప్‌ఫిష్ లాంటివి బాగానే నడుస్తున్నాయి. కానీ వాటి వ్యాపారమంతా ప్రింట్లు అమ్ముకోవడం. పుట్టినరోజు ఫోటోలు ఎక్కిస్తే బంధువులకు ఓ లింకు వెళ్లేది, వాళ్లు చూసి కావలసినవి ప్రింటు తెప్పించుకునేవారు. ఫ్లికర్ ఈ వరసను తిరగేసింది. మీరు వద్దని చెబితే తప్ప మీ ఫోటో లోకమంతటికీ కనిపిస్తుంది. దాని కింద ఎవరైనా వ్యాఖ్య రాయవచ్చు. ‘వాన’, ‘పిల్లి’, ‘టోక్యో’ అని ట్యాగులు తగిలించవచ్చు. ఆ ట్యాగు నొక్కితే ప్రపంచంలో వాన ఫోటోలు తీసినవాళ్లంతా ఒకచోట కనిపిస్తారు. గుండ్రటి వస్తువును చదరపు చట్రంలో ఇమిడేలా తీసిన ఫోటోల కోసమే ఒక బృందం ఉండేది. మ్యాన్‌హోల్ మూతలు, కాఫీ కప్పులు, చక్రాలు... దానికి సభ్యులు వేలల్లో పోగయ్యారు. ఇదేం పిచ్చి అనిపించవచ్చు. ఆ పిచ్చి ఉన్నవాళ్లందరికీ అడ్డా దొరకడమే ఫ్లికర్ గొప్పతనం.

మొదటి నెలల్లో కొత్తగా చేరినవాళ్లను కాటెరినా ఫేక్, ఇతర సిబ్బంది స్వయంగా పలకరించేవారు. ఫోటో పెట్టీపెట్టగానే కింద ‘రండి రండి’ అని ఓ వ్యాఖ్య పడేది. వచ్చినవాళ్లకు అది కంపెనీ సైటులా అనిపించలేదు, సొంత ఇల్లులా అనిపించింది. తర్వాత ఇరవై ఏళ్లలో ఫ్లికర్‌లో రేగిన ప్రతి గొడవకూ బీజం ఇక్కడే పడింది. సభ్యులు సొంత ఇల్లనుకుని గోడలనిండా ఫోటోలు తగిలించుకున్నారు. అది అద్దె ఇల్లని యజమాని మారినప్పుడల్లా గుర్తుచేశాడు.

తొలి యజమాని 2005 మార్చిలో వచ్చాడు. యాహూ ఫ్లికర్‌ను కొనేసింది. ధర బయటపెట్టలేదు గానీ రెండు కోట్ల డాలర్లకూ నాలుగు కోట్లకూ మధ్య ఉంటుందని అప్పటి పత్రికలు రాశాయి. ఆ వేసవిలోనే, జులై 7న, లండన్‌లో భూగర్భ రైళ్లలో బాంబులు పేలాయి. సొరంగాల్లోంచి నడుచుకుంటూ బయటపడ్డ ప్రయాణికులు ఫోన్లతో తీసిన ఫోటోలు ఫ్లికర్‌లోకి వచ్చి పడ్డాయి. మసకమసకగా, ఊగిపోయినట్టున్న ఆ బొమ్మల కోసం వార్తా సంస్థలు వెతుక్కుంటూ వచ్చాయి. ఫోటోగ్రాఫరు చేరకముందే అక్కడున్నవాడే విలేకరి కావడం నేడు వింత కాదు. నాడు అది పెద్ద విశేషం.

యాహూకు మాత్రం వేరే లెక్కలున్నాయి. ప్రతి సభ్యుడూ యాహూ ఐడీతోనే లోపలికి రావాలంది. 2005 ఆగస్టులో ఆ మాట బయటకు రాగానే పాత సభ్యులు కొందరు ‘ఫ్లిక్ ఆఫ్’ అని ఓ బృందం పెట్టి, బలవంతం చేస్తే అందరం ఒకేసారి ఖాతాలు మూసేస్తామని బెదిరించారు. కంపెనీ వాయిదా వేసింది. 2007 జనవరి ఆఖర్లో మళ్లీ ప్రకటించింది, మార్చి 15 గడువు పెట్టింది. కొత్త నిబంధనలు ఇంకో రెండు తగిలించింది: ఒక్కొక్కరికి మూడు వేల మందికి మించి పరిచయస్తులు ఉండకూడదు, ఒక్కో ఫోటోకు 75 ట్యాగులకు మించి తగిలించకూడదు. పైకి చూస్తే ఇంత చిన్న విషయానికి అంత రాద్ధాంతమా అనిపిస్తుంది. లాగిన్ మారితే ఫోటో మారదు కదా! కానీ పాతవాళ్ల బాధ లాగిన్ గురించి కాదు. తమను పేరుపెట్టి పలకరించిన చోట ఇప్పుడు తాము ఓ మహా కంపెనీ చిట్టాలో నంబర్లమైపోతున్నామని.

అదే ఏడాది జూన్‌లో ఫ్లికర్ ఇంగ్లీషు దాటి ఏడు భాషల్లోకి వెళ్లింది. పండగ చేసుకోవాల్సిన సందర్భం. జర్మనీలో అది కాస్తా ధర్నా అయింది. ఫ్లికర్‌లో ఫోటోలకు మూడు తరగతులుండేవి: అందరూ చూడదగ్గవి, కొంచెం జాగ్రత్త అవసరమైనవి, పెద్దలకు మాత్రమే. ఎవరికేం కనిపించాలో సభ్యుడే ఎంచుకోవచ్చు. జర్మనీ, సింగపూర్, హాంగ్‌కాంగ్, కొరియా సభ్యులకు మాత్రం ఆ వీలు తీసేశారు, మొదటి తరగతి తప్ప మరొకటి చూడలేరు. జర్మనీలో పిల్లల రక్షణ చట్టాలు కఠినంగా ఉన్నాయనీ, వయసు నిర్ధారించుకోకుండా చూపిస్తే శిక్ష పడుతుందనీ కంపెనీ చెప్పింది. డబ్బు కట్టిన పెద్దవాళ్లకు తమ ఫోటోలు పక్క దేశంలో కనిపిస్తూ, పక్కింటివాడికి కనిపించకపోవడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. జర్మన్లు పాంప్లెట్లు పంచలేదు. ఫ్లికర్ అక్షరాలనే వంచి ‘సెన్సార్’ అని చదివించే లోగోలు గీసి, వాటినే ఫోటోలుగా ఎక్కించి, ‘థింక్‌ఫ్లికర్‌థింక్’ అని ట్యాగు తగిలించారు. ఆ ట్యాగు నొక్కినవాళ్లకు పేజీలకు పేజీలు నిరసనే. సైటు ఇచ్చిన పనిముట్టుతోనే సైటును నిలదీశారు. కొద్ది రోజులకే యాహూ కొంత దిగొచ్చి, జర్మన్లకు రెండో తరగతి దాకా తలుపు తీసింది.

ఈ గొడవలన్నీ కంపెనీకీ సభ్యులకూ మధ్య నడిచినవి. 2007లోనే మరో కొత్త రకం తగువు వచ్చింది. దీనిలో మూడో మనిషి ఉంది, ఆమెకు ఫ్లికర్‌తో సంబంధమే లేదు.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఓ టీనేజీ అమ్మాయి చర్చి కార్యక్రమానికి వెళ్లింది. కెమెరా వైపు రెండు వేళ్లు చూపిస్తూ నవ్వింది. చర్చి బృందంలోని పెద్దాయన ఒకరు ఫోటో తీసి ఫ్లికర్‌లో పెట్టారు. ఫ్లికర్ 2004 నుంచే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులకు చోటిచ్చింది. పేరు చెబితే ఎవరైనా వాడుకోవచ్చని ఒకటి, వ్యాపారానికి వాడొద్దని ఇంకొకటి, ఇలా రకరకాలు. ఆయన మొదటిది ఎంచుకున్నారు. కొన్ని నెలలకు ఆ నవ్వు ఆస్ట్రేలియాలో వర్జిన్ మొబైల్ ప్రకటనల్లో, అడిలైడ్ బస్‌స్టాపులో తేలింది. పక్కనే పెద్ద అక్షరాలతో, ఇలాంటి కలం స్నేహితురాలిని వదిలించుకోండి అనే అర్థంలో ఓ వెటకారం. అడుగున చీమల్లాంటి అక్షరాలతో ఆ ఫోటో తాలూకు ఫ్లికర్ చిరునామా. అంటే లైసెన్సు అడిగిన షరతు పాటించినట్టే. అమ్మాయిని ఎవరూ అడగలేదు. ఎవరో ఆ బస్‌స్టాపును ఫోటో తీసి మళ్లీ ఫ్లికర్‌లోనే పెడితే ఆ కబురు ఆ కుటుంబానికి చేరింది.

కుటుంబం కోర్టుకెక్కింది. వర్జిన్ మొబైల్‌తోపాటు లైసెన్సు రాసిన క్రియేటివ్ కామన్స్ సంస్థను కూడా ప్రతివాదిగా చేర్చింది, తర్వాత ఆ సంస్థను వదిలేసింది. 2009 జనవరిలో టెక్సస్ ఫెడరల్ కోర్టు, ఆస్ట్రేలియా కంపెనీ మీద తమకు అధికార పరిధి లేదంటూ కేసు కొట్టేసింది. అసలు ప్రశ్నకు జవాబు రాలేదు. ఫోటో తీసినవాడికి ఉండే హక్కు వేరు, ఫోటోలో ఉన్న మనిషికి ఉండే హక్కు వేరు. లైసెన్సు మొదటిదాన్ని మాత్రమే రాసిస్తుంది. ప్రకటనల కంపెనీలకు ఈ తేడా బాగా తెలుసు, అందుకే మోడళ్ల దగ్గర సంతకాలు తీసుకుంటాయి. సెలవురోజు ఫోటో ఎక్కించే మామూలు మనిషికి అదెవరు చెప్పాలి?

ఇదే ఉచిత పంపకం వల్ల ఫ్లికర్‌లో ఒక గొప్ప పనీ జరిగింది. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం దగ్గర లక్షల పాత ఫోటోలున్నాయి. వాటిలో చాలావాటి వెనక రాసిన వివరాలు అరకొర. ‘ముగ్గురు మనుషులు, రైలు స్టేషను’ అనే స్థాయి. 2008 జనవరి 16న ఆ గ్రంథాలయం మూడు వేల పైచిలుకు ఫోటోలు ఫ్లికర్‌లో పెట్టి, మీకేమైనా తెలిస్తే చెప్పండి అని జనాన్ని అడిగింది. 1910ల నాటి వార్తా ఫోటోలు కొన్ని, 1930ల ఆఖరు నుంచి యుద్ధకాలం దాకా పొలాల్లో, ఫ్యాక్టరీల్లో తీసిన రంగుల ఫోటోలు కొన్ని. ఈ పథకానికి ‘ద కామన్స్’ అని పేరు. ఫ్లికర్ తొలినాటి డిజైనర్ జార్జ్ ఓట్స్ అనే ఆవిడ దీన్ని నడిపించింది.

జనం ఎగబడ్డారు. పాత దుకాణం బోర్డు చూసి వీధి పేరు చెప్పినవారొకరు, విమానం రెక్క చూసి మోడలు చెప్పినవారొకరు, అప్పటి పత్రికలు తిరగేసి ఫోటోలోని మనిషి ఎవరో తేల్చినవారు ఇంకొకరు. ఆ ఏడాది అక్టోబరు నాటికి 67 వేలకు పైగా ట్యాగులు, 7 వేలకు పైగా వ్యాఖ్యలు వచ్చాయి. గ్రంథాలయం వాటిని సరిచూసుకుని 500కు మించి రికార్డులు దిద్దుకుంది. డిగ్రీలున్న లైబ్రేరియన్లు కుర్చీలు దిగి, ఊరూ పేరూ తెలియని సభ్యుడు చెప్పిన మాట తమ కేటలాగులో ఎక్కించడం చిన్న సంగతి కాదు. తర్వాత సిడ్నీ పవర్‌హౌస్ మ్యూజియం, స్మిత్సోనియన్ లాంటి సంస్థలు వరసకట్టాయి. 2013 డిసెంబరులో బ్రిటిష్ లైబ్రరీ పాత పుస్తకాల్లోని పది లక్షల బొమ్మలు తెచ్చి పోసింది. ఇంత చేసిన జార్జ్ ఓట్స్‌ను యాహూ 2008 డిసెంబరులో, ఉద్యోగాల కోతలో, ఇంటికి పంపేసింది.

స్థాపకులు అప్పటికే వెళ్లిపోయారు. బటర్‌ఫీల్డ్ ఆ ఏడాది జూన్‌లో రాసిన రాజీనామా లేఖ సిలికాన్ వ్యాలీలో ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకునే కథ. యాహూ పాతకాలపు రేకుల ఫ్యాక్టరీ అయినట్టూ, తాను వంశపారంపర్య రేకు పనివాడైనట్టూ, కంపెనీ రేకులు మానేసి వేరే వ్యాపారాల్లో పడ్డాక తనకు చోటు లేదన్నట్టూ రాశాడు. ఇక వెళ్లి అల్పాకాలు మేపుకుంటానన్నాడు. మేపాడో లేదో గానీ మళ్లీ ఒక ఆట మొదలుపెట్టాడు. ‘గ్లిచ్’ అనే ఆ ఆట కూడా 2012లో మునిగింది. దాన్ని తయారుచేస్తూ సిబ్బంది తమలో తాము మాట్లాడుకోవడానికి కట్టుకున్న పనిముట్టు ‘స్లాక్’ అయింది. సేల్స్‌ఫోర్స్ దాన్ని 2,770 కోట్ల డాలర్లకు కొంది. ఆట తప్పినప్పుడల్లా అదృష్టం పట్టిన మనిషి లోకంలో ఇంకొకడు ఉండడు.

2008 ఏప్రిల్‌లో 90 సెకన్ల వీడియోలకు అనుమతిచ్చినప్పుడు కూడా రచ్చ జరిగింది. ఇవి వీడియోలు కావు, ‘పొడవాటి ఫోటోలు’ అని ఫ్లికర్ సర్దిచెప్పబోయింది. వీడియోలు వద్దంటూ వెలిసిన బృందంలో వేలమంది చేరారు. ఏడాది తిరిగేసరికి ఎవరికీ గుర్తులేదు.

2011 గొడవలు అంత తేలిగ్గా పోలేదు. ఆ మార్చిలో, ముబారక్ దిగిపోయిన కొద్ది వారాలకు, ఈజిప్టు జనం కైరోలోని రహస్య పోలీసు కార్యాలయంలోకి చొరబడ్డారు. అక్కడ దొరికిన అధికారుల ఫోటోలను ఉద్యమకారుడు హొసామ్ అల్ హమలావీ ఫ్లికర్‌లో పెట్టాడు. చిత్రహింసలు పెట్టినవాళ్ల ముఖాలు జనం గుర్తుపట్టాలని. ఫ్లికర్ వాటిని తీసేసింది. కారణం, ఆ ఫోటోలు అతను తీసినవి కావట. సభ్యులు తాము తీసినవే పెట్టాలన్నది నియమమే. ఇతరుల ఫోటోలు పెట్టుకున్నవాళ్లు అప్పటికి లక్షల్లో ఉన్నారన్నదీ నిజమే. అంతకు కొద్ది వారాల ముందే, ఫిర్యాదు చేసిన ఒక సభ్యుడి ఖాతానే సిబ్బంది పొరపాటున చెరిపేశారు. సుమారు నాలుగు వేల ఫోటోలు మాయమయ్యాయి. పెద్ద గోల అయ్యాక తిరిగి తెచ్చి, ఏటా డబ్బు కట్టాల్సిన ప్రో సభ్యత్వం 25 ఏళ్లపాటు ఉచితమన్నారు.

ఈలోగా ఫోటో కెమెరా వదిలి ఫోన్లోకి వెళ్లిపోయింది. 2010 అక్టోబరులో వచ్చిన ఇన్‌స్టాగ్రామ్‌ను 2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ వంద కోట్ల డాలర్లకు కొంటానంది. యాహూ ఫ్లికర్‌కు కట్టిందని పత్రికలు రాసిన ధరకు అది పాతిక నుంచి యాభై రెట్లు. ఫోన్ల యుగం వస్తోందని ఫ్లికర్‌కు తెలియక కాదు. 2011 వేసవికే తన సైటులో ఎక్కువగా వాడుతున్న కెమెరా ఐఫోన్ 4 అని దాని సొంత లెక్కలే చెప్పాయి. యాహూ లోపల ఫోన్ యాప్‌కు డబ్బూ లేదు, మనుషులూ లేరు. 2012లో మరిస్సా మేయర్ యాహూ పగ్గాలు చేపట్టగానే, ఫ్లికర్‌ను మళ్లీ బాగుచేయమ్మా అని ఆవిడను వేడుకుంటూ ఎవరో ఓ వెబ్‌సైటే పెట్టారు.

బాగుచేసింది, తనదైన పద్ధతిలో. 2013 మే 20న ఫ్లికర్ రూపు మార్చి, ప్రతివాడికీ ఒక టెరాబైట్ చోటు ఉచితమంది. అంతవరకూ ఏటా డబ్బు కట్టిన ప్రో సభ్యులు నోరెళ్లబెట్టారు. అసలు ప్రో ఎందుకు తీసేశారని అడిగితే, ఈ రోజుల్లో ప్రొఫెషనల్ ఫోటోగ్రాఫర్లనేవాళ్లే లేరన్న ధోరణిలో మేయర్ మాట్లాడింది. పెళ్లిళ్లకు ఫోటోలు తీసి పొట్టపోసుకునేవాళ్లు ఊరుకుంటారా? మాట దొర్లిందని చెప్పి క్షమాపణ అడిగింది.

2014 నవంబరులో యాహూ ఇంకో అడుగు వేసింది. ఫ్లికర్ ఫోటోలను కాన్వాసు మీద ముద్రించి అమ్మే వ్యాపారం పెట్టి, వ్యాపారానికి వాడుకోవచ్చని సభ్యులు లైసెన్సిచ్చిన సుమారు ఐదు కోట్ల ఫోటోలు అందులో చేర్చింది. ఏరికోరి ఒప్పందం చేసుకున్న కొందరు ఫోటోగ్రాఫర్లకు 51 శాతం వాటా. మిగతావాళ్లకు పైసా లేదు. చట్టప్రకారం తప్పు పట్టడానికి వీల్లేదు. కానీ బడి పిల్లల ప్రాజెక్టులకూ వికీపీడియాకూ పనికొస్తాయని ఇచ్చినవాళ్లు, తమ సూర్యాస్తమయాలు యాహూ గల్లాపెట్టెలో పడుతుంటే చూస్తూ ఉండలేకపోయారు. లైసెన్సులు మార్చుకోవడం మొదలుపెట్టారు. నెల తిరక్కుండానే యాహూ ఆ ఫోటోల అమ్మకం ఆపి, క్షమాపణ చెప్పి, కొన్నవాళ్లకు డబ్బు వాపసు ఇచ్చింది. చట్టం అనుమతించినా మర్యాద అనుమతించని పనులుంటాయని ఆ కంపెనీకి తెలియడానికి తొమ్మిదేళ్లు పట్టింది. తప్పులు అక్కడితో ఆగలేదు. 2015లో యంత్రమే ట్యాగులు పెట్టే ఏర్పాటు చేస్తే, అది డకావ్ నాజీ శిబిరం గేటుకు పిల్లల ఆటస్థలమని, ఓ నల్లజాతి మనిషి ముఖానికి కోతి అని పేరుపెట్టింది.

యాహూ తానే 2017లో వెరైజన్‌కు అమ్ముడుపోయింది. 2018 ఏప్రిల్‌లో ఫ్లికర్ మళ్లీ చేతులు మారి, స్మగ్‌మగ్ అనే కుటుంబ కంపెనీ దగ్గరికి వచ్చింది. కొత్త యజమాని డాన్ మెకాస్కిల్ మాట దాచుకోలేదు. ఉచిత టెరాబైట్ తప్పు, ఎవరో ఒకరు బిల్లు కట్టాలి, సభ్యులు కట్టకపోతే ప్రకటనదారులు కడతారు, అప్పుడు సరుకు మీరే అన్నాడు. ఉచిత ఖాతాకు వెయ్యి ఫోటోలే అన్నాడు. మించితే పాతవాటి నుంచి చెరిపేస్తామని 2019 ఆరంభంలో గడువు పెట్టాడు. ఉచిత ఖాతాదారుల్లో 97 శాతం మందికి వెయ్యి కూడా లేవని కంపెనీ చెప్పుకుంది. ఆ మిగతా మూడు శాతంలోనే అసలైన పిచ్చివాళ్లున్నారు. అందులో చనిపోయినవాళ్లూ ఉన్నారు, ఇక వాళ్లు వచ్చి డబ్బు కట్టలేరు.

క్రియేటివ్ కామన్స్ లైసెన్సున్న పాత ఫోటోలను మాత్రం చెరపబోమని కంపెనీ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇది తెలుగువాళ్లకూ ఊరటే. తెలుగు వికీపీడియా వ్యాసాల్లో కనిపించే చాలా ఫోటోలు వికీమీడియా కామన్స్ అనే ఉమ్మడి భాండాగారం నుంచి వస్తాయి. ఆ భాండాగారంలోకి ఫ్లికర్ నుంచి, ఈ లైసెన్సుల కిందే, లక్షలకొద్దీ ఫోటోలు చేరాయి.

ఆ లైసెన్సుల కిందే మరో సంగతి జరిగిందని అప్పటికే బయటపడుతోంది. 2014లో యాహూ పరిశోధకులు పది కోట్ల ఫోటోల, వీడియోల జాబితా ఒకటి శాస్త్రవేత్తల కోసం విడుదల చేశారు. దాని నుంచి వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ‘మెగాఫేస్’ అనే ముఖాల సంచయం తయారుచేసింది. అందులో 6 లక్షల 72 వేల మంది ముఖాలు ఉన్నాయి, చిన్నపిల్లలవి కూడా. ఐబీఎం ఇంకో పది లక్షల ఫోటోలతో తన సంచయం కట్టుకుంది. ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాలు వీటితో పదునెక్కాయి. 2019లో పత్రికలు ఇది రాసినప్పుడు, పదిహేనేళ్ల కిందట పాప పుట్టినరోజు ఫోటో ఎక్కించిన తల్లులు ఉలిక్కిపడ్డారు.

అదే ఏడాది డిసెంబరులో మెకాస్కిల్ సభ్యులకు ఉత్తరం రాశాడు. ఫ్లికర్ ఇంకా నష్టాల్లోనే ఉంది, డబ్బు కట్టే సభ్యత్వం తీసుకుని నిలబెట్టండి అని. కొత్త యజమాని అద్దె అడుగుతున్నాడని కొందరు విసుక్కున్నా, ఇంతకాలానికి ఒకడు లెక్కలు విప్పి చెప్పాడని కట్టినవాళ్లూ ఉన్నారు.

2022లో ఫ్లికర్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. ఈ ఫోటోలను వందేళ్లపాటు కాపాడాలన్నది దాని పథకం. దానికి సారథిగా వచ్చింది జార్జ్ ఓట్స్, అంతకు పద్నాలుగేళ్ల ముందు యాహూ ఇంటికి పంపిన ఆవిడే. ఫ్లికర్‌లోని ఓ భాగాన్ని ఫోటోలతో, ట్యాగులతో, వ్యాఖ్యలతో సహా మూటగట్టి, సైటు మూతపడినా తెరుచుకునేలా బయట దాచే ‘డేటా లైఫ్‌బోట్’ మీద ఆ సంస్థ పనిచేస్తోంది. ఫోటోను మూటగట్టడం సులువే. దాని కింద పాతికమంది రాసిన వ్యాఖ్యలున్నాయనుకుంటే, వాళ్ల మాటలు బయటకు తీసుకెళ్లడానికి ఆ పాతికమందినీ అడగాలా, ఫోటో తీసినవారిని అడిగితే చాలా అన్నది ఆ పనిలో తేలాల్సిన చిక్కు.